తెగే దాకా చప్పుడు చేయని బెల్టు

చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల నేల మీద 2008లో శ్రీ సిటీ అనే పారిశ్రామిక కేంద్రం మొదలైంది. 2016 ఏప్రిల్ 27న అక్కడ ఇసుజు కార్ఖానా తెరుచుకుంది. డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ బండ్లు అక్కడే తయారవుతాయి. ఆ బండ్ల డీజిల్ ఇంజన్‌లో వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్‌ను తిప్పేది ఉక్కు చెయిన్. అక్కడి కార్ఖానాల్లో షిఫ్టు ముగించుకుని తడకో సూళ్లూరుపేటకో ఇంటికి వెళ్ళే మనిషి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న కారులో మాత్రం ఆ పని చేసేది చాలాసార్లు టైమింగ్ బెల్టు అనే రబ్బరు బెల్టు. మారుతి 800, ఓమ్ని, 796 సీసీ ఆల్టో, పాత జెన్, పాత శాంట్రో, డీజిల్ ఇండికా, మొదటి తరం డీజిల్ ఇన్నోవా అన్నీ బెల్టు బండ్లే.

ఇసుజు ఇంజన్ మన రోడ్ల మీదికి వీ-క్రాస్‌తోనే రాలేదు. అంతకు చాలా ముందే హిందుస్థాన్ మోటార్స్ తన కాంటెస్సాకు, అంబాసిడర్‌కు ఇసుజు డిజైన్ ఇంజన్లు పెట్టింది. అందులో 2 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు ఉన్నది టైమింగ్ బెల్టే. అంబాసిడర్‌లో అంతకు ముందున్న బీఎంసీ ఇంజన్‌కు చెయిన్ ఉండేది, దాని సంగతి యజమానికి పట్టేది కాదు. బెల్టు వచ్చాక మాత్రం గడువు చూసుకుని మార్చుకోవలసిన వస్తువు ఒకటి ఇంజన్ ముందు భాగంలో చేరింది. ఆ గడువు తెలియక, తెలిసినా వాయిదా వేసి, ఇంజన్ పాడుచేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బండిని తాడు కట్టి లాక్కొస్తే షెడ్డులో మెకానిక్ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "బెల్ట్ ఎప్పుడు మార్చినారు సార్?"

ఇంతకీ ఆ బెల్టు చేసే పని ఏమిటి? ఇంజన్ కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ దాన్ని తిప్పుతాయి. పైన హెడ్‌లో క్యామ్ షాఫ్ట్ ఉంటుంది. దాని మీది ఉబ్బెత్తు భాగాలు వాల్వులను నొక్కి తెరుస్తాయి. గాలీ పెట్రోలూ లోపలికి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ బయటికి నెట్టడం అనే నాలుగు దశలకు క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. అంటే క్రాంక్ రెండు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒకటి తిరగాలి. అందుకే పై పుల్లీకి కింది పుల్లీ కన్నా రెట్టింపు పళ్ళు పెడతారు. ఫ్యాన్ బెల్టు కాస్త జారినా బండి నడుస్తుంది, బ్యాటరీ ఛార్జింగ్ తగ్గుతుందంతే. టైమింగ్ బెల్టు జారడానికి వీల్లేదు. దాని లోపలి వైపు పళ్ళు ఉండటానికి కారణం ఇదే.

ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే క్యామ్ 1,500 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్ళతో దంచడం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండూ దిగేది ఒకే చోటికి, ఒకే క్షణంలో మాత్రం కాదు. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకుని ఉండాలి. పట్టు తప్పితే రెండూ ఢీకొంటాయి.

డీజిల్ ఇంజన్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. పెట్రోలు ఇంజన్ గాలిని సుమారు తొమ్మిదో, పదో వంతుకు కుదిస్తే డీజిల్ ఇంజన్ పదిహేనో, ఇరవయ్యో వంతుకు కుదించాలి. స్పార్క్ ప్లగ్ లేకుండా గాలి వేడితోనే ఇంధనం మండాలి కదా. అంత కుదించాలంటే పైకి వచ్చిన పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య దాదాపు చోటే మిగలదు. ఆ సమయంలో ఏ వాల్వు అయినా తెరుచుకుని ఉంటే పిస్టన్ దాన్ని కొట్టి వంచుతుంది. కొన్ని ఇంజన్లలో క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ విరిగి వాల్వును కాపాడుతుంది, కొన్నిట్లో వాల్వు తల తెగి పిస్టన్‌కే బొక్క పడుతుంది. పెట్రోలు ఇంజన్లలో కొన్నిటికి పిస్టన్ తగలనంత ఖాళీ ఉంటుంది. అలాంటి బండికి బెల్టు తెగితే ఆగిపోవడం తప్ప వేరే నష్టం ఉండదు. కానీ మీ బండి ఆ రకమేనన్న నమ్మకంతో బెల్టును వదిలేయకండి. నడిరోడ్డు మీద ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. లారీలు పరుగెత్తే జాతీయ రహదారి మీద అది చిన్న విషయం కాదు.

ఇంత కీలకమైన పని రబ్బరుకు ఎందుకు అప్పగించారనే అనుమానం న్యాయమైనదే. పళ్ళ బెల్టు మొదట పుట్టింది కారు కోసం కాదు, 1940ల్లో అమెరికాలో కుట్టు మిషన్ కోసం. ఎక్కువ సంఖ్యలో తయారైన కార్లలో దాన్ని మొదట వాడింది గ్లాస్ 1004. 1962లో జర్మనీలోని డింగోల్ఫింగ్ అనే చిన్న ఊళ్ళో గ్లాస్ అనే చిన్న కంపెనీ దాన్ని తెచ్చింది. నాలుగేళ్ళకు ఆ కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది, ఆ చిన్న ఊరు ఇప్పుడు కార్ల తయారీకి పెద్ద కేంద్రం. సత్యవేడు ప్రాంతాన్ని చూస్తున్నవాళ్ళకు ఆ మార్పు కొత్తగా అనిపించదు. బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు, తయారీ ఖర్చు తక్కువ. క్యామ్‌ను హెడ్ పైకి ఎక్కించి చిన్న ఇంజన్‌ను వేగంగా తిప్పాలనుకున్న కంపెనీలకు అది వరంలా దొరికింది. 1983 డిసెంబర్‌లో అమ్మకానికి వచ్చిన మారుతి 800 మూడు సిలిండర్ల ఇంజన్ ఆ కాలపు ఆలోచనకు మంచి నమూనా. పేరుకు రబ్బరు బెల్టే గాని బరువు మోసేది రబ్బరు కాదు. దాని వెన్నులో పొడవునా గాజు నార తాళ్ళు ఉంటాయి. అవే లాగుడును భరిస్తాయి, సాగవు. వాటి చుట్టూ రబ్బరు, పళ్ళ మీద అరుగుదలకు ఓర్చే నైలాన్ గుడ్డ.

గాజు నార తాడు లాగితే గట్టిది, మడిస్తే పెళుసుది. ఇంట్లో బెల్టు మార్చుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు ఈ సంగతి మరవడం. కొత్త బెల్టును డబ్బాలోంచి తీసి రెండుగా మడవడం, లోపలి వైపు బయటికి తిప్పి పళ్ళు చూడటం, స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీదికి ఎగదోయడం. పైకి ఏమీ కనిపించదు. లోపల కొన్ని పోగులు తెగి ఉంటాయి. లక్ష కిలోమీటర్లు రావాల్సిన బెల్టు పాతిక వేలకే తెగినప్పుడు నింద కంపెనీ మీదకు పోతుంది.

రబ్బరు సంగతికి వస్తే మన ఎండ గురించి చెప్పుకోవాలి. మొదటి తరం బెల్టులు నియోప్రీన్‌తో చేసేవారు. రబ్బరు అణువుల గొలుసులో కర్బన పరమాణువుల మధ్య జంట బంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ పట్టుకునేది వాటినే. అవి దాడి చేసిన చోట రబ్బరు గట్టిపడి, మెరుపెక్కి, పగుళ్ళిస్తుంది. తర్వాత వచ్చిన హైడ్రోజినేటెడ్ నైట్రైల్ రబ్బరులో ఆ జంట బంధాలను హైడ్రోజన్‌తో చాలావరకు నింపేశారు. ఆక్సిజన్‌కు పట్టు దొరకదు, వేడికి ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. 1980ల తర్వాత బెల్టుల ఆయుష్షు పెరగడానికి ఇదే ముఖ్య కారణం. అయినా రసాయన చర్య వేడితో వేగం పుంజుకోవడం మాత్రం ఆగదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. వేసవిలో తిరుపతి వైపు బయటి గాలే 40 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద, ప్లాస్టిక్ మూత వెనుక వేడి అంతకన్నా చాలా ఎక్కువ. చల్లటి దేశంలో రాసిన గడువును ఇక్కడ చివరి కిలోమీటరు దాకా లాగకూడదు.

అందుకే బెల్టుకు రెండు గడువులు ఉంటాయి, కిలోమీటర్లు ఒకటి, ఏళ్ళు ఒకటి. బండిని బట్టి 60,000 నుంచి లక్ష కిలోమీటర్లు, కొన్నిటికి లక్షన్నర. ఏ బండికి ఎంత అన్నది దాని పుస్తకంలో ఉంటుంది. ఏళ్ళ లెక్కలో అయితే నాలుగైదేళ్ళు దాటిన బెల్టును నేను నమ్మను. ఇంటి ముందు కవరు కప్పి నెలకోసారి తీసే కారు పదేళ్ళలో 20,000 కిలోమీటర్లే తిరిగి ఉండవచ్చు. యజమాని బండి కొత్తదే అనుకుంటాడు. రబ్బరు వయసు మాత్రం పదేళ్ళే.

కిలోమీటర్ల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. బెల్టుకు తెలిసేది దూరం కాదు, చుట్లు. సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగం, ఇంజన్ నిమిషానికి 2,500 చుట్లు అనుకుంటే లక్ష కిలోమీటర్లకు 2,000 గంటలు పడుతుంది, క్రాంక్ 30 కోట్ల చుట్లు తిరుగుతుంది. అదే బండి తిరుమల ఘాట్ ఎక్కుతుంటే లెక్క మారిపోతుంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద బండ్లు పైకి వెళతాయి, 1944 నాటి మొదటి రోడ్డు మీద కిందికి దిగుతాయి. ఎక్కేటప్పుడు రెండో గేరులో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి, హైవే మీద టాప్ గేరులో 75తో వెళ్ళే బండి ఇంచుమించు ఒకే వేగంతో ఇంజన్‌ను తిప్పుతాయి. అంటే బెల్టు దృష్టిలో ఘాట్‌లో ఒక కిలోమీటరు హైవే మీద మూడు కిలోమీటర్లతో సమానం. పైగా ఎక్కేటప్పుడు వేడి, బరువు రెండూ ఎక్కువ. రోజూ కొండకు తిరిగే టాక్సీ మీటరు లక్ష చూపిస్తుంటే దాని బెల్టు లక్ష కన్నా చాలా ఎక్కువ పని చేసి ఉంటుంది. టాక్సీ నడిపే అన్నలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక ఇంట్లో మార్చుకోవడం. మారుతి 800, ఓమ్ని లాంటి చిన్న పెట్రోలు బండి అయితే ఓపిక, మంచి పానాలు, ఒక సెలవు రోజు, ఆ బండి వర్క్‌షాప్ పుస్తకం ఉన్నవాళ్ళు చేసుకోగలరని నా అభిప్రాయం. డీజిల్ ఇండికా, ఇన్నోవాల జోలికి మొదటిసారే వెళ్ళవద్దు. అక్కడ ఒక్క పన్ను తేడా వచ్చినా హెడ్ దించాల్సి రావచ్చు. పాత డీజిళ్ళలో కొన్నిటికి ఇంజెక్షన్ పంపును కూడా ఇదే బెల్టు తిప్పుతుంది. పుల్లీల మీద కలిపి చూసుకోవాల్సిన గుర్తులు రెండు జతలు కాదు, మూడు అవుతాయి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. జాకీ ఒక్కదాని మీద బండిని నిలబెట్టి కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండ్లు వేయాలి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. ఫ్యాన్ బెల్టు, అడ్డుగా ఉన్న పుల్లీలు, టైమింగ్ మూత వరుసగా వస్తాయి. క్రాంక్ పుల్లీ నడిమి బోల్టు మొండికేస్తుంది. స్టార్టర్ మోటారుతో కొట్టి దాన్ని వదిలించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పానా ఎగిరొచ్చి చెయ్యి విరిచే పని అది, చేయవద్దు. స్పార్క్ ప్లగ్గులు ముందే తీసేస్తే ఇంజన్‌లో ఒత్తిడి ఉండదు, క్రాంక్‌ను చేత్తో తిప్పడం తేలికవుతుంది, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది.

పాత బెల్టు తీసే ముందే గుర్తులు కలపాలి. మొత్తం పనికి గుండెకాయ ఇదే. క్రాంక్ పుల్లీ మీద ఒక గీత, దాని ఎదురుగా ఇంజన్ బాడీ మీద ఒక గుర్తు. క్యామ్ పుల్లీ మీద ఒకటి, దాని ఎదురుగా మరొకటి. క్రాంక్‌ను అది మామూలుగా తిరిగే దిక్కులోనే తిప్పుతూ రెండు జతలూ ఒకేసారి ఎదురెదురుగా వచ్చేదాకా చూడాలి. క్రాంక్ గుర్తు కలిసి క్యామ్ గుర్తు అవతలి వైపు కనిపిస్తే ఇంకో చుట్టు తిప్పాలి, రెండు చుట్లకు ఒకటి అన్న లెక్క ఇక్కడ కంటికి కనిపిస్తుంది. అప్పుడు సెల్‌ఫోన్‌తో నేరుగా ఎదురు నుంచి ఫోటోలు తీసుకోవాలి, పక్క నుంచి చూస్తే గుర్తు జరిగినట్టు కనిపిస్తుంది. తెల్ల పెయింటుతో సొంత గుర్తులు కూడా వేసుకోవాలి.

బెల్టు తీశాక రెండు షాఫ్టులూ ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటాయి. మీది ఏ ఇంజన్ అయినా పిస్టన్ వాల్వుకు తగులుతుందనే అనుకుని దేన్నీ తిప్పకూడదు. వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ తనంతట తానే ఎగిరి పక్కకు తిరిగే అవకాశం ఉంది. సుజుకి పాత ఇంజన్లలో రాకర్ల మీది అడ్జస్ట్‌మెంట్ స్క్రూలు ముందే వదులు చేస్తే ఆ ఒత్తిడి పోతుంది, చివర్లో రాకర్‌కూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన ట్యాపెట్ ఖాళీ మళ్ళీ సరిచేసుకోవాలి. ఇదే సమయంలో క్యామ్ సీల్, క్రాంక్ సీల్ చూడాలి. చెమ్మగా ఉన్నా మార్చేయండి. ఆయిల్ తగిలితే ఈ బెల్టు మెత్తబడి పళ్ళు ఊడిపోతాయి. బెల్టును బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్‌ను చేత్తో తిప్పితే గరగర అన్నా, గాలికి తిరిగినట్టు తేలిగ్గా తిరిగినా దాని గ్రీజు అయిపోయినట్టే. కొత్త బెల్టు వేసి పాత టెన్షనర్ ఉంచడం నిష్ప్రయోజనం. బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. వాటర్ పంపును ఇదే బెల్టు తిప్పే బండి అయితే దాన్ని కూడా ఇప్పుడే మార్చుకోవడం మేలు, ఎందుకంటే మూతలన్నీ విప్పే కష్టం ఒక్కసారే.

కొత్త బెల్టును పాతదాని పక్కన పెట్టి పళ్ళు లెక్కపెట్టండి, వెడల్పు చూడండి, పన్ను ఆకారం చూడండి. తొలినాటి బెల్టు పళ్ళు పలకలుగా ఉండేవి, 1970ల్లో గుండ్రటివి వచ్చాయి. ఒకదాని పుల్లీ మీద మరొకటి కూర్చోదు. డూప్లికేట్ సరుకు దొరికే బజార్లలో బిల్లు లేకుండా ఈ ఒక్క వస్తువు మాత్రం కొనవద్దు.

బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ లేని వైపు వదులు లేకుండా రావాలి, మిగిలిన వదులంతా టెన్షనర్ వైపు చేరాలి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు క్రాంక్ లాగేది ఆ మొదటి వైపునే. అక్కడ కాస్త వదులు ఉంటే గుర్తులు కలిసినట్టే కనిపించి, తిప్పగానే ఒక పన్ను వెనక్కి పోతుంది. ఒక పన్ను అంటే ఎంత? క్యామ్ పుల్లీకి 40 పళ్ళు ఉంటే ఒక పన్ను 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. కార్బురేటర్ మారుతి 800లో డిస్ట్రిబ్యూటర్‌ను కూడా క్యామే తిప్పుతుంది కాబట్టి స్పార్క్ కూడా అంతే జరుగుతుంది. బండి స్టార్ట్ అవుతుంది, కానీ లాగదు, పెట్రోలు తాగుతుంది, సైలెన్సర్‌లో ఠపఠపమంటుంది. కార్బురేటర్ తప్పనుకుని దాన్ని విప్పి బాగుచేయించేవాళ్ళు ఉన్నారు.

బిగించాక తాళం చెవి ముట్టుకోకూడదు. క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే అక్కడే ఆపేయండి, బలం పెట్టవద్దు. అది పిస్టన్ వాల్వును తాకుతున్న స్పర్శ. చేత్తో తిప్పితే ఆ తాకిడి హెచ్చరిక మాత్రమే, స్టార్టర్‌తో తిప్పితే అదే వాల్వు వంగడం. రెండు చుట్లు సాఫీగా తిరిగి గుర్తులన్నీ మళ్ళీ కలిస్తే అప్పుడు టెన్షనర్‌ను పుస్తకం చెప్పిన వరుసలో బిగించి, ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడండి. మరీ బిగుతుగా ఉన్న బెల్టు సన్నగా ఈల వేస్తుంది, బేరింగును తినేస్తుంది. వదులుగా ఉన్నది పన్ను దాటుతుంది.

చెయిన్ ఉన్న బండి కొనుక్కుంటే ఈ బాధ లేదని కొందరంటారు. చాలావరకు నిజమే. మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లు, స్విఫ్ట్ 1.3 లీటర్ల డీజిల్, హ్యుందాయ్ కప్పా ఇంజన్లు చెయిన్‌వే. కానీ చెయిన్ ఆయుష్షు ఇంజన్ ఆయిల్ మీద ఆధారపడి ఉంటుంది. ఆయిల్ మార్చకుండా తిప్పితే చెయిన్ సాగుతుంది, ఉదయం స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. ఆ మాత్రం హెచ్చరికైనా ఇస్తుంది. బెల్టు అది కూడా ఇవ్వదు. ఈ రెంటికీ నడుమ ఇంకో రకం ఉంది, ఆయిల్‌లోనే తిరిగే బెల్టు. 2013లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1 లీటరు టర్బో పెట్రోలు ఇంజన్‌లో ఉన్నది అదే. ఆయిల్‌కు తట్టుకునేలా చేసిన బెల్టు కాబట్టి కంపెనీ చెప్పిన ఆయిల్ కాకుండా వేరేది పోస్తే అది పొరలు పొరలుగా ఊడి, ఆ తుక్కు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది.

ఒకవేళ దారిలోనే తెగితే గుర్తుపట్టడం తేలిక. నడుస్తున్న ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. మళ్ళీ తాళం తిప్పితే స్టార్టర్ మామూలు కన్నా వేగంగా, అడ్డు లేకుండా, ఒకే స్వరంతో తిరుగుతుంది. వాల్వులు కదలక సిలిండర్లలో ఒత్తిడి పుట్టకపోవడమే దానికి కారణం. ఆ చప్పుడు విన్న తర్వాత రెండోసారి తాళం తిప్పవద్దు. నలుగురిని పిలిచి తోయించి గేరు వేయవద్దు. తిప్పిన ప్రతిసారీ అప్పటిదాకా బాగున్న వాల్వు ఇంకొకటి వంగే అవకాశం ఉంది. బండిని న్యూట్రల్‌లో పక్కకు తీసి, లాక్కుపోయే వాహనాన్ని పిలవడమే సరైన పని.

పాత కారు కొంటున్నవాళ్ళకు ఒక మాట. అమ్మేవాళ్ళు ఇన్సూరెన్సు, ఆర్సీ, కొత్త టైర్లు చూపిస్తారు. బెల్టు మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, బండి ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే మార్పించండి లేదా మార్చుకోండి. మార్చాక తేదీ, మీటరు అంకె చెరగని ఇంకుతో టైమింగ్ మూత మీదే రాసి పెట్టండి. రేపు ఆ బండి ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకు అది పనికొస్తుంది.